కొన్న ఇల్లు హెరిటేజ్ అంటున్నారు. అడవి అంచున 1963 నాటి డాబా ఇల్లు, పడగొట్టాలా ఉంచాలా?

బుష్_పక్క_వెంకట్
ఆరు నెలల క్రితం సిడ్నీ ఉత్తరాన బుష్‌ని (ఇక్కడ అడవిని అలాగే అంటారు) ఆనుకుని ఒక పాత ఇల్లు కొన్నాం. నిజం చెప్పాలంటే స్థలం చూసి కొన్నాం. పాతది పడగొట్టి రెండంతస్తులు లేపుదామని ప్లాన్ కూడా గీయించాం. మొన్న కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఇంటిని హెరిటేజ్ జాబితాలో చేర్చాలనుకుంటున్నాం, చెప్పాల్సిందేమైనా ఉంటే 28 రోజుల్లో రాయండి అని.

1963లో కట్టిన ఇల్లు. చదును కప్పు, కింద ఇసుకరాతి గోడ, పైన ముదురు గోధుమరంగు చెక్క, ఈ చివర నుంచి ఆ చివరిదాకా అద్దాలు. మూడు చోట్ల కురుస్తోంది. లోపల నాలుగు మట్టాలు, ఎటు వెళ్లినా నాలుగు మెట్లెక్కాలి. మా అమ్మకంటే వయసులో చిన్నదైన ఇంటికి హెరిటేజ్ ఏంటండీ? వచ్చే ఏడాది అమ్మానాన్న శాశ్వతంగా వచ్చేస్తున్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. నాకు నిద్ర పట్టడం లేదు.

పారమట్టా_రాజు
ముందు కన్సల్టెంట్‌ని పెట్టుకుని అభ్యంతరం రాయండి. ఒకసారి జాబితాలోకి ఎక్కితే గోడకి మేకు కొట్టాలన్నా పర్మిషనే. అమ్ముదామంటే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. నా మాట వినండి, 28 రోజులు చాలా తక్కువ.

చిట్టి_గారె
రాజు గారూ, మేకుకి పర్మిషన్ అక్కర్లేదు. మాది హెరిటేజ్ ఏరియాలో ఇల్లే. వంటగది మొత్తం మార్చుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

సున్నం_సుర్కీ
పాత కట్టడాల మరమ్మతే నా వృత్తి. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

వెంకట్ గారూ, మీ ఇంటి వర్ణన చదివితే నాకు ప్రాణం లేచొచ్చింది. చదును కప్పు, ఇసుకరాయి, ముదురు చెక్క, వాలుని చదును చెయ్యకుండా వాలుతోపాటే దిగే మట్టాలు. 1950లు, 60ల్లో సిడ్నీ ఉత్తర శివార్లలో ఇలాంటివి ఒక తరం ఆర్కిటెక్టులు కట్టారు. పీటర్ ముల్లర్, బ్రూస్ రికర్డ్, కెన్ వూలీ, రస్సెల్ జాక్. రస్సెల్ జాక్ వరూంగాలో తన కోసం కట్టుకున్న ఇంటికి 1957లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే సల్మన్ మెడల్ వచ్చింది.

అప్పటిదాకా ఇక్కడి అలవాటు ఏంటంటే, స్థలం కొనగానే చెట్లన్నీ కొట్టేసి, రాళ్లు పేల్చి, నేల చదును చేసి, ఎర్ర పెంకుల ఇల్లు కట్టి, ముందు గడ్డి, గులాబీలు వేసుకోవడం. ఇంగ్లండ్‌ని మోసుకొచ్చి ఇక్కడ పరిచినట్టు. ఈ తరం దానికి అడ్డం తిరిగింది. గమ్ చెట్టు (యూకలిప్టస్) ఉన్నచోటే ఉండాలి, ఇల్లే పక్కకి జరగాలి అంది. నాలుగు మెట్లు అన్నారే, అవి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి పెట్టినవి కావు. కింద బండ ఉంది. ఆ బండని పగలగొట్టకుండా దాని మీదుగా ఇల్లు నడిచింది.

అందుకే ఇలాంటి ఇంటి విలువ గోడల్లో సగమే ఉంటుంది. మిగతా సగం గోడలకీ చెట్లకీ మధ్య ఉన్న జాగాలో ఉంటుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో హెరిటేజ్ విలువ కట్టడానికి ఏడు ప్రమాణాలున్నాయి. చరిత్ర, ఎవరితో ముడిపడింది, చూడ్డానికీ కట్టడానికీ ఏం కొత్త తెచ్చింది, జనానికి దాంతో అనుబంధం, దాన్నుంచి ఏం తెలుసుకోవచ్చు, అరుదైనదా, ఆ రకానికి మంచి ఉదాహరణా. వాటిలో వయసు లేదు. ఉత్తరంతో పాటు మీ ఇంటి మీద రాసిన నివేదిక కూడా ఉండాలి. అందులో ఏ ప్రమాణాల కింద రాశారో చూసి చెప్పండి.

బుష్_పక్క_వెంకట్
సున్నం_సుర్కీ గారూ, ఉంది. చరిత్ర, సౌందర్యం, అరుదు, మంచి ఉదాహరణ అని నాలుగు రాశారు. ఆర్కిటెక్ట్ పేరు ఉంది కానీ ఇక్కడ పెట్టను, ఇల్లు దొరికిపోతుంది. "తోటలోని అంగోఫోరా చెట్లు, బండలతో సహా" అని కూడా ఉంది. చెట్లని కూడా లెక్కలో వేశారంటే నాకు ఇంకా భయం వేసింది.

రాళ్లగుట్ట_హైదరాబాద్
వయసు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ భవనం గుర్తుందా? రాజ్ రేవాల్ డిజైన్, మహేంద్ర రాజ్ ఇంజినీరింగ్, 1972లో కట్టారు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టేశారు. అరవై ఏళ్లు నిండలేదు కాబట్టి హెరిటేజ్ కాదన్నారు. నలభై అయిదేళ్ల కట్టడాన్ని నలభై అయిదేళ్లదని కొట్టేస్తే అరవై ఏళ్లు ఎప్పుడు నిండుతాయి?

మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ టౌన్‌షిప్ డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ బి.వి. దోషి. నేను అక్కడే పుట్టా. పెద్దయి ఇంకెవరో చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలీదు. నాకు అది మా క్వార్టర్స్, అంతే.

వాస్తు_మూర్తి
అందరూ ఇంటి గురించి మాట్లాడుతున్నారు, వాలు ఎటో అడగలేదు. వాలు నైరుతికి ఉంటే ఆ ఇంట్లో ఉండటం మంచిది కాదు. పడగొట్టినా అదే వాలు కదా, స్థలమే వదులుకోవాల్సి ఉంటుంది.

చిట్టి_గారె
మూర్తి గారూ, ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. చలికాలం ఎండ లోపలికి రావాలంటే ఉత్తరం తెరిచి ఉండాలి. మనూరి లెక్క ఇక్కడ ఎలా సరిపోతుంది?

బుష్_పక్క_వెంకట్
వాలు ఈశాన్యానికే, మూర్తి గారూ. పెద్ద అద్దాలన్నీ ఉత్తరం వైపే. జూలైలో పొద్దున ఎనిమిదింటికల్లా హాల్లో సగం దాకా ఎండ వస్తోంది. ఎండాకాలం మాత్రం చూరు దగ్గరే ఆగిపోతుంది. ఇది నేను గమనించిందే.

వాస్తు_మూర్తి
ఈశాన్యం పల్లమా! అయితే ఆ కట్టినాయన తెలిసో తెలియకో మంచి పని చేశాడు. ఇల్లు ఉంచండి.

పారమట్టా_రాజు
భావుకత వద్దు. ఆ ఇల్లు ఆస్ట్రేలియా వాళ్ల చరిత్ర. మనం కష్టపడి లోన్ కట్టేది వాళ్ల చరిత్ర కాపాడటానికా? మనకి పూజగది కావాలి, పెద్దవాళ్లకి కింద గది కావాలి, పండక్కి ముప్పై మంది వస్తే కూర్చోవాలి. ఇవి మన అవసరాలు. తప్పేముంది?

సున్నం_సుర్కీ
రాజు గారూ, తప్పేమీ లేదు. అవసరాలు నిజమే. "వాళ్ల చరిత్ర" అన్నారు చూడండి, దానికి మాత్రం నేను ఒప్పుకోను.

వరూంగాలో రోజ్ సైడ్లర్ హౌస్ ఉంది. 1948 నుంచి 50 మధ్య కట్టారు. కట్టింది హారీ సైడ్లర్. 1923లో వియన్నాలో పుట్టాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమిస్తే, యూదుల పిల్లవాడు కదా, పదిహేనేళ్ల వయసులో ఇంగ్లండ్ పారిపోయాడు. అక్కడ శత్రుదేశం వాడివని నిర్బంధించి ఓడెక్కించి కెనడా పంపారు. మానిటోబాలో చదువు, తర్వాత హార్వర్డ్‌లో పేరున్న ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ దగ్గర, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇంకో ఆర్కిటెక్ట్ మార్సెల్ బ్రాయర్ దగ్గర పని. తల్లిదండ్రులు అప్పటికి సిడ్నీ చేరుకున్నారు. మాకు ఇల్లు కట్టిపెట్టమని అమ్మ ఉత్తరం రాస్తే 1948లో వచ్చాడు. అమ్మ పేరే రోజ్.

ఊరు కాని ఊరొచ్చిన అమ్మానాన్నలకి కొడుకు కట్టిన ఇల్లు అది. అది మనకి పరాయి చరిత్ర ఎలా అవుతుంది?

ఇంకో మాట. సిడ్నీలో అప్పట్లో చదును కప్పు అంటే వింత. ఏటవాలు పెంకుల కప్పే ఇల్లని కౌన్సిళ్లు పట్టుబట్టేవి. సైడ్లర్ అలాంటి అనుమతుల కోసం కోర్టులకెక్కాడు. మన ఊళ్లో పెంకుటింటివాడు డాబా వేస్తే ఊరంతా వచ్చి చూసేది, గుర్తుందా? ఆయన ఇక్కడ పోరాడింది డాబా కోసం!

కోనసీమ_కొబ్బరాకు
డాబా మాట వినగానే మా ఇల్లు గుర్తొచ్చింది. మా తాతగారిది మండువా లోగిలి. మధ్యలో ఆకాశం, నాలుగు వైపులా వసారా, వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ మధ్యలో కుండీలోకి. 2009లో పడగొట్టి డాబా వేశాం. నేనే డబ్బు పంపించా. పాత సామాన్ల వాళ్లు వచ్చి సింహద్వారం, టేకు స్తంభాలు లారీలో వేసుకుని పోయారు. వెళ్లే ముందు అమ్మ గడపకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఆ ఫొటో నా దగ్గర ఉంది.

ఇప్పుడు ఆ డాబాలో ఎవరూ ఉండరు. ఎండాకాలం ఏసీ లేకుండా అడుగు పెట్టలేం. మండువాలో మధ్యాహ్నం నేల మీద పడుకుంటే చల్లగా ఉండేది.

వెంకట్, నీకు చెప్పేంత పెద్దవాణ్ని కాదు. ఒక్క ఏడాది ఆ ఇంట్లో ఉండి, అప్పుడు నిర్ణయించుకో.

నిప్పుల_సుబ్బు
బుష్ పక్కన అన్నారు కాబట్టి అసలు విషయం నేను అడగాలి. నేను రూరల్ ఫైర్ సర్వీస్ (ఆర్‌ఎఫ్‌ఎస్)లో వాలంటీర్‌ని. వెంకట్ గారూ, మీ స్థలం బాల్ (బుష్‌ఫైర్ అటాక్ లెవెల్) రేటింగ్ ఎంత? తెలియని వాళ్లకి: మంటలొస్తే ఇంటి మీద ఎంత వేడి పడుతుందో చెప్పే అంచనా అది. తక్కువ నుంచి మొదలై 12.5, 19, 29, 40, ఆ పైన ఫ్లేమ్ జోన్. అంకె పెరిగేకొద్దీ కట్టే ఖర్చు పెరుగుతుంది.

పడగొట్టి కొత్తది కడితే ఈ రోజు నిబంధనల ప్రకారం మొత్తం కట్టాలి. ఫ్లేమ్ జోన్ అయితే కిటికీల ఖర్చు చూసి కళ్లు తిరుగుతాయి. "పాతది తీసేస్తే గొడవ వదులుతుంది" అనుకోవద్దు.

బుష్_పక్క_వెంకట్
40 అన్నారు సుబ్బు గారూ. మా బిల్డర్ కొటేషన్‌లో అది సరిగ్గా వేశాడో లేదో ఇప్పుడే డౌట్ వస్తోంది. మరి పాత ఇంటికి ప్రమాదం లేదా? అంత చెక్క, అంత అద్దం.

నిప్పుల_సుబ్బు
ఉంది. ఎందుకు లేదు? కానీ చాలా ఇళ్లు ఎదురుగా వచ్చే మంటకి కాదు, ముందుగా ఎగిరొచ్చే నిప్పురవ్వలకి అంటుకుంటాయి. కప్పు మీది వాననీటి గటర్లో ఎండుటాకులు, డెక్ (చెక్క వరండా) కింద చెత్త, చూరు సందులు. సందులన్నిటికీ స్టీలు జాలీ కొట్టించండి, కన్ను 2 మిల్లీమీటర్లకి మించకూడదు. గటర్ శుభ్రం. డెక్ కింద కట్టెలు పెట్టొద్దు. పెద్ద అద్దాలు మార్చాల్సొస్తే టఫెన్డ్ గ్లాస్ వేయించుకోవచ్చు, బయటికి ఇంటి రూపం మారదు.

చెట్ల సంగతి: 10/50 నిబంధన వర్తించే చోట ఇంటికి 10 మీటర్లలోపు చెట్లు కొట్టుకోవచ్చు. వర్తిస్తుందో లేదో ఆర్‌ఎఫ్‌ఎస్ సైట్‌లో అడ్రసు కొట్టి చూడాలి. వర్తించినా అన్నీ కొట్టాలని లేదు. ఇంటిని తాకే కొమ్మలు, కింది పొదలు తీస్తే చాలా తేడా ఉంటుంది.

సున్నం_సుర్కీ
సుబ్బు గారు చెప్పిందే చెయ్యండి. హెరిటేజ్‌కీ అగ్ని జాగ్రత్తకీ గొడవ లేదు. కాలిపోయిన ఇంటికి హెరిటేజ్ విలువ ఉండదు కదా.

బీమరిస్_లక్ష్మి
మెల్‌బోర్న్ నుంచి. మా బీమరిస్ 1944 జనవరిలో కార్చిచ్చుకి చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత 50ల్లో కొత్త ఆర్కిటెక్టులు టీ ట్రీ చెట్ల మధ్య తేలికైన డాబా ఇళ్లు కట్టారు. రాబిన్ బోయ్డ్ కట్టినవీ ఉన్నాయి. నేనొచ్చిన కొత్తలో మా వీధిలో అలాంటివి అయిదు ఉండేవి. ఇప్పుడు ఒకటి. మిగతా నాలుగు చోట్లా స్థలం హద్దు దాకా కాంక్రీటు, ఒక్క చెట్టు లేదు. ఇళ్లు పోయాక పిట్టలు కూడా పోయాయి. టానీ ఫ్రాగ్‌మౌత్ అనే పిట్టల జంట ఉండేది, మా పాప వాటికి అవ్వా తాతా అని పేరు పెట్టుకుంది.

పారమట్టా_రాజు
లక్ష్మి గారూ, బాధ అర్థమైంది. కానీ పిట్టల కోసం ఒక కుటుంబం ఇబ్బంది పడాలా? వాళ్ల నాన్నగారి మోకాళ్ల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

సున్నం_సుర్కీ
మంచి ప్రశ్న. జాబితాలో చేర్చడం అంటే గాజు పెట్టెలో పెట్టి తాళం వెయ్యడం కాదు. ఇక్కడ పనిచేసేవాళ్లందరూ బుర్రా చార్టర్‌ని పాటిస్తారు. 1979లో దక్షిణ ఆస్ట్రేలియాలోని బుర్రా అనే ఊళ్లో రాసుకున్నది. దాని సారం: ఎంత అవసరమో అంత మార్చు, వీలైనంత తక్కువ మార్చు.

నాలుగు మట్టాల ఇంట్లో చిన్న ప్లాట్‌ఫామ్ లిఫ్టు పెట్టొచ్చు. వీధి వైపు ఉన్న మట్టంలోనే ఒక గది, బాత్రూమ్ కలిపి పెద్దవాళ్లకి ఇవ్వొచ్చు. అదీ చాలకపోతే వెనక, చెట్లు లేని చోట విడిగా ఒక గది కట్టుకోవచ్చు. దీనికి డీఏ (కౌన్సిల్‌కి పెట్టే నిర్మాణ దరఖాస్తు) వెయ్యాలి, హెరిటేజ్ నివేదిక జత చెయ్యాలి, ఖర్చు ఉంటుంది, టైము పడుతుంది, అది దాచను. కానీ మరమ్మతులు, చిన్న మార్పులు అయితే ముందు కౌన్సిల్‌కి రాసి, సరేనని రాతపూర్వకంగా తెచ్చుకుంటే డీఏ అక్కర్లేదు. మీ కౌన్సిల్ నిర్మాణ నిబంధనలుండే లోకల్ ప్లాన్‌లో 5.10 క్లాజు చదవండి.

ఒక హెచ్చరిక. అరవైల నాటి ఇల్లు కాబట్టి ఫైబ్రో (సిమెంటు) పలకలు ఉండొచ్చు, వాటిలో ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా డ్రిల్లింగ్ మెషీన్ ముట్టుకోవద్దు. దేశంలో పూర్తి నిషేధం వచ్చింది 2003 డిసెంబర్ 31నే.

రాళ్లగుట్ట_హైదరాబాద్
చెట్లనీ బండలనీ కూడా రాశారని భయపడ్డారు వెంకట్. నాకైతే అసూయగా ఉంది. మా చిన్నప్పుడు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అంటే బండలే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు. ప్లాటు కొన్నవాడు మొదట చేసిన పని వాటిని పేల్చడం. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్! బండని ఉంచి ఇల్లు కట్టుకున్నవాళ్లూ కొద్దిమంది ఉన్నారు. గోడలోంచి బండ హాల్లోకి వచ్చిన ఇల్లు ఒకటి నేను చూశా, పిల్లలు దాని మీదెక్కి హోంవర్క్ చేసుకుంటున్నారు.

చిట్టి_గారె
ఇక్కడ సిడ్నీలో కాసిల్‌క్రాగ్ పేట కూడా అలాంటిదే కదా?

సున్నం_సుర్కీ
అవును చిట్టి గారూ, ఇంకా ముందుది. వాల్టర్ బర్లీ గ్రిఫిన్, మారియన్ మహోనీ దంపతులు, కాన్‌బెర్రా నగరాన్ని గీసినవాళ్లు. 1920ల్లో కాసిల్‌క్రాగ్‌లో రాతి ఇళ్లు, చదును కప్పులు, బండల వంపుల వెంట రోడ్లు, బుష్‌లోకి కాలిబాటలు. ఇల్లు ప్రకృతికి లోబడి ఉండాలన్నది వాళ్ల పట్టు. ఆ గ్రిఫిన్ 1935లో లక్నో వెళ్లాడు, 1937లో అక్కడే చనిపోయాడు, సమాధి కూడా లక్నోలోనే ఉంది. మనకీ ఈ ఇళ్లకీ దారి ఎప్పుడో పడింది.

బుష్_పక్క_వెంకట్
పది రోజులైంది, సంగతులు చెప్తా.

ఒకటి. సుబ్బు గారి మాట విని నిచ్చెన వేసుకుని పైకెక్కా. కప్పు మధ్యలో దాచిన పెద్ద గటర్ ఉంది, అది ఉందని కూడా నాకు తెలీదు. గమ్ ఆకులు, గమ్ కాయలు, అంగోఫోరా బెరడు ముక్కలు, కింద నల్లటి మట్టి, అందులో ఫెర్న్ మొలిచి ఉంది. మూడు చెత్త సంచులు నిండాయి. మొన్నటి వానకి మూడు లీకుల్లో రెండు ఆగిపోయాయి. మూడోది ఇంకా ఉంది, హాలు మధ్యలో స్టీలు గిన్నె పెట్టాం.

రెండు. ఆదివారం రోజ్ సైడ్లర్ హౌస్‌కి వెళ్లాం, అమ్మకి వీడియో కాల్‌లో చూపించాం. రాతి గోడల మీద, సన్నటి స్టీలు స్తంభాల మీద ఇంటిని నిలబెట్టారు. డెక్ మీద గోడకి సైడ్లర్ స్వయంగా వేసిన రంగుల చిత్రం, దాటి చూస్తే కురింగై చేజ్ అడవి. వంటగది దగ్గర అమ్మ కాసేపు ఆపమంది. "ఈవిడ కొత్త దేశంలో, కొత్త వంటింట్లో, ఆ చెట్లు చూసుకుంటూ వండుకుందన్నమాట. ఎన్నాళ్లుంది?" అని అడిగింది. 1967 దాకా అని అక్కడివాళ్లు చెప్పారు. అమ్మ ఇంకేమీ అనలేదు, మన ఇంటి వంటగది కిటికీలోంచి ఏం కనపడుతుందో చూపించమంది.

ఇంటికొచ్చి చూపించా. ఇప్పుడు అంగోఫోరాలు బెరడు రాలుస్తున్నాయి. పాత బూడిదరంగు పొర పలకలు పలకలుగా ఊడుతోంది, లోపల మాను కొత్తగా నారింజరంగులో మెరుస్తోంది. ఒక కొమ్మ మన చూరుకి జానెడు దూరంలో వంపు తిరిగి పైకి వెళ్లింది. చూరుకి అక్కడ చిన్న గాటు ఉంది. అది ఎవరో విరగ్గొట్టారని ఆరు నెలల నుంచీ అనుకుంటున్నా. కాదు. చెట్టు కోసం వదిలిన జాగా అది. అరవై ఏళ్ల కిందట కాగితం మీదే వదిలారు.

కోనసీమ_కొబ్బరాకు
చదువుతుంటే కళ్లు చెమర్చాయి వెంకట్.

పారమట్టా_రాజు
సరే, ఆ గాటు ఫొటో పెట్టండి, నేనూ చూస్తా. అయినా అభ్యంతరం రాసే హక్కు వదులుకోవద్దు. మీకు కావలసిన షరతులు అందులోనే అడగొచ్చు.

సున్నం_సుర్కీ
రాజు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. రాయండి. జాబితాలో చేర్చడానికి అభ్యంతరం లేదని, పెద్దవాళ్లకి వీధి మట్టంలో మార్పులు కావాలని, అగ్ని జాగ్రత్త పనులకి దారి స్పష్టంగా ఉండాలని. వెనక గది కట్టదలచిన చోటు ఇప్పుడే గుర్తు పెట్టి ఇవ్వండి. తర్వాత అడిగేదానికంటే ముందు అడగడం తేలిక. ముసాయిదా పంపితే చూసి పెడతాను, డబ్బులు వద్దు.

బుష్_పక్క_వెంకట్
పంపిస్తా మేడమ్, చాలా థాంక్స్. రాజు గారూ, ఫొటో రేపు పొద్దున వెలుతురులో తీస్తా. మూడో లీకు పాత డిష్ యాంటెనా బోల్టు రంధ్రం దగ్గరేమో అనిపిస్తోంది, కానీ నా నిచ్చెన అక్కడికి అందడం లేదు. శనివారానికి ఎవరి దగ్గరైనా పొడుగు నిచ్చెన ఉందా?

నిప్పుల_సుబ్బు
నా దగ్గర ఉంది. ఏడింటికల్లా వస్తా, ఎండెక్కక ముందే ఎక్కాలి. జాలీ కొలతలు కూడా అప్పుడే తీసుకుందాం.

పారమట్టా_రాజు
నేనూ వస్తున్నా. నిచ్చెన కింద పట్టుకునే మనిషి కావాలి కదా.